సుఖంగా చూసిరావడం తప్పా?

డబ్బుంటే సుఖాన్ని కొనుక్కోవచ్చు. అలా కొనుక్కోవడం తప్పా, కాదా? ఈ ప్రశ్న నాకు పుస్తకం చదివి రాలేదు, మా ఇంట్లో ఒక ప్రయాణం గురించి మాటలు మొదలయ్యాక వచ్చింది. అమెరికాలో ఉద్యోగం చేసే మా మామ, వచ్చే ఏడాది మా అందరినీ పెరూ దేశంలో మాచు పిచ్చు అనే కొండమీది శిథిలాలకు తీసుకుపోతానన్నాడు. అదీ మామూలుగా కాదు. పెద్ద హోటళ్లు, సోకైన రైలు, మా కోసమే ఒక గైడు. కోవిల్‌పట్టిలో ఉండే అవ్వ, విరుదునగర్‌లో ఉండే మేము, మామ సంసారం, మొత్తం తొమ్మిది మందిమి.

ఖర్చు ఎంతో విన్న రోజు నుంచి చుట్టాలు రెండు పక్షాలయ్యారు. పిల్లలు పోతే చదువుకు పనికొస్తుంది, పోనీ అంటారు. అవ్వ మాట వచ్చేసరికి గొంతు మారుతుంది. "ఈ వయసులో ఆమెకు అదంతా ఎందుకు? కాశీకి పంపితే పుణ్యమైనా వస్తుంది" అంటారు. తీరా చూస్తే పోవాలని అందరికన్నా ఎక్కువ ఆశపడేది అవ్వే. ఆమెకు డెబ్బై రెండేళ్లు. ముప్పై ఏళ్లు అగ్గిపెట్టెలు అంటించింది, సీజన్లో నల్లరేగడి చేలల్లో పత్తి తీసింది. "ఎక్కిన కొండలు చాలురా, ఈ ఒక్కసారి కూర్చొని పోతాను" అంటుంది.

ఆడంబరం తప్పు అనేవాళ్లు సాధారణంగా ఎదుటివాళ్ల ఆడంబరం గురించే చెప్తారని నాకు అనిపిస్తుంది. పెళ్లిలో వెయ్యి మందికి వడ్డించి సగం ఆకుల్లోనే పారేస్తే అది మర్యాద. ముసలామె కిటికీ పక్కన కూర్చొని రైల్లో పోతే మాత్రం అది దుబారా.

అసలు ఏది అవసరం, ఏది ఆడంబరం అని ధర చూసి చెప్పలేం. ఆ శిథిలాలకు ముందుగా చేరే ఊరు కుస్కో. అది సముద్రమట్టానికి సుమారు 3,400 మీటర్ల ఎత్తు. మన కొడైకెనాల్ సుమారు 2,100 మీటర్లే. మాచు పిచ్చు కుస్కో కన్నా కిందే ఉంది, 2,430 మీటర్లు. కాని కుస్కో గాలికి అలవాటు పడకుండా అడుగు వేస్తే కుర్రవాళ్లకే తల తిరుగుతుంది. అందుకని అక్కడ రెండు రోజులు పని లేకుండా పడుకోవాలి, మంచి గది కావాలి, పిలిస్తే డాక్టరు రావాలి. నాకు ఇవన్నీ సోకు, అవ్వకు మందు. బిల్లులో రెండింటికీ ఒకే పేరు రాస్తారు.

మా అన్న పద్ధతి వేరు. నాలుగు రోజులు ఇన్కాల పాత రాతిబాటలో నడిచిపోతేనే అది చూసినట్టు, రైల్లో పోవడం మోసం అంటాడు. కష్టపడితేనే విలువ తెలుస్తుందని మన వ్యాసాల్లో కూడా రాస్తుంటాం కదా. సరే అని ఆ బాట గురించి చదివాను. దాని మీదికి రోజుకు 500 మందినే వదులుతారు. అందులో యాత్రికులు సుమారు 200 మంది. తక్కినవాళ్లంతా గైడులు, వంటవాళ్లు, డేరాలూ గ్యాసు బుడ్డీలూ వీపున మోసే కూలీలు. ఒక కూలీమీద 20 కిలోలకు మించి పెట్టరాదని అక్కడ చట్టం చేశారు, బాట మొదట్లో మూటలు తూకం వేస్తారు. అంటే ఒక చట్టం వచ్చేదాకా ఎంత మోయించారో ఊహించుకోవచ్చు. కష్టపడి నడిచానని చెప్పుకునే మా అన్న అన్నం గిన్నె ఇంకొకరి వీపుమీద ఉంటుంది. రైల్లో పోయే అవ్వకన్నా అతడే ఎక్కువమంది చేత మోయించుకుంటాడు. ఇది చెప్తే అన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మనిషిని మనిషి మోయడం గురించి అవ్వకు గట్టి అభిప్రాయం ఉంది. పదేళ్ల కింద శబరిమలలో నీలిమల ఎక్కుడు దగ్గర ఆమెకు ఊపిరి అందలేదు. నలుగురు డోలీ తెచ్చి దించారు. "నలుగురు మోసేది ఒక్కసారే, ఆ రోజుదాకా నా కాళ్లే" అని కూర్చొని కూర్చొని ఎక్కిందట. ఇంట్లో అందరూ ఇది గొప్పగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ నలుగురి సంగతి తట్టింది. ఆమె ఎక్కలేదు కాబట్టి వాళ్లకు ఆ పూట కూలి పోయింది. మన మనసు శుభ్రంగా ఉంచుకోవడానికి వాళ్ల చెయ్యి ఖాళీ చేశామా? అడిగితే, "వాళ్లకు ఇంకొకరు దొరికుంటారులే" అంది.

చరిత్ర చదివితే ఇంకో చిక్కు. మాచు పిచ్చు గుడి కాదు, కోట కాదు. 15వ శతాబ్దంలో పచకుటి అనే ఇన్కా రాజు కట్టించుకున్న విడిది అని పండితులు చెప్తారు. మన పెద్దలు తాము విజయనగరం వైపు నుంచి దిగివచ్చామని చెప్పుకుంటారే, ఆ విజయనగరం వెలుగుతున్న కాలమే అది. బండిచక్రం వాడకుండా, ఇనుప ఉలి లేకుండా, రాయికి రాయి సున్నం లేకుండా అతికించారు. జనం రాజుకు పన్నుగా డబ్బు కాదు, ఒంటి కష్టం ఇచ్చేవాళ్లు. అక్కడ పాతిపెట్టిన పనివాళ్ల ఎముకల మీద డీఎన్‌ఏ పరిశోధన జరిగి 2023లో అచ్చయింది. వాళ్లు రాజ్యం నలుమూలల నుంచి, అమెజాన్ అడవుల వైపు నుంచి కూడా వచ్చినవాళ్లని తేలింది. అంటే ఆ కొండే ఒక రాజుగారి సుఖయాత్ర. సుఖం వల్ల అక్కడి పవిత్రత చెడుతుందనే మాట నిలవదు. చెడేది ఏమైనా ఉంటే అది కట్టిన నాడే చెడింది.

1911లో హైరం బింగ్‌హాం అనే అమెరికా ఆచార్యుడు అక్కడికి వెళ్లినప్పుడు ఒక స్థానిక రైతు దారి చూపాడు. పైన సేద్యం చేసుకుంటున్న కుటుంబాలు అప్పటికే ఉన్నాయి, వాళ్ల పిల్లవాడే ఆయనకు శిథిలాలు తిప్పి చూపించాడు. ఇప్పుడు అక్కడికి పోయే అన్నింటికన్నా ఖరీదైన రైలు పేరు హైరం బింగ్‌హాం. పిల్లవాడి పేరు పెట్టలేదు.

"ఇంత దూరం ఎందుకు, కళుగుమలై చూస్తే చాలదా?" అని నాయన అంటాడు. కోవిల్‌పట్టి నుంచి ఇరవై కిలోమీటర్ల చిల్లర, టౌన్ బస్సు దొరికితే ఆడవాళ్లకు టికెట్టు కూడా లేదు. అక్కడి వెట్టువాన్ కోయిల్ 8వ శతాబ్దపు పాండ్యుల పని, మాచు పిచ్చు కన్నా ఆరువందల ఏళ్లకు పైగా పాతది. ఒకే కొండరాయిని పైనుంచి కిందికి తొలుచుకుంటూ వచ్చి, శిఖరం పూర్తిచేసి, కింది భాగం అలాగే వదిలేశారు. పక్కనే బండమీద జైన తీర్థంకరుల బొమ్మలు వరసలుగా ఉన్నాయి. వాటి కింద వట్టెళుత్తు లిపిలో కుమ్మరులు, వడ్రంగులు, కమ్మరులు, రైతుల పేర్లు కూడా చెక్కి ఉన్నాయి. రాజు పేరు కాక పనివాళ్ల పేరు రాయిమీద దొరికే చోట్లు ఎన్ని ఉంటాయి? ఇది తప్పకుండా చూడవలసిందే. కాని అవ్వ అక్కడికి లెక్కలేనన్ని సార్లు పోయింది. దగ్గరిది ఉంది కాబట్టి దూరానిది కోరరాదని చెప్పడం న్యాయం కాదు. నాయనకు మధురై కన్నా దూరం ఏదైనా దూరమే.

నా ఆలోచన ఇంతవరకు వచ్చింది: అవ్వ రైల్లో పోవచ్చు, మెత్తని పరుపు మీద పడుకోవచ్చు, దానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కరలేదు. మోసేవాడు ఉన్నచోట మాత్రం మోయించుకోవచ్చా వద్దా అనేదాని కన్నా, అతడికి ఎంత ముడుతుంది, బరువు ఎక్కువైతే దించే హక్కు ఉందా అనేది పెద్ద ప్రశ్న. రాజు కింద రాయి మోసినవాడికి ఆ హక్కు లేదు. ఇప్పటివాడికి ఉందో లేదో డబ్బు కట్టేవాళ్లే అడగాలి. ఇది చెప్పగానే అవ్వ ఒప్పుకుంది. గ్రోసు లెక్కన కూలికి పెట్టెలు అంటించిన మనిషి. "దేశమంతా మా అగ్గిపుల్లతోనే పొయ్యి ముట్టించింది, గ్రోసుకు ఎంత ఇస్తారని ఒక్కరైనా అడిగారా? నువ్వు అడుగు" అంది.

మామ చేత మూడు టూర్ కంపెనీలకు రాయించాము: అన్న నడిచే బాటలో కూలీకి రోజుకు ఎంత ఇస్తారు, రాత్రి ఎక్కడ పడుకుంటాడు, జబ్బు చేస్తే ఎవరు చూస్తారు. రెండు కంపెనీలు హోటలు గదుల బొమ్మలు పంపాయి. మూడోది వివరాలు కనుక్కొని చెప్తామంది. అడ్వాన్సు ఇంకా కట్టలేదు. అవ్వ పాస్‌పోర్టుకు మాత్రం మధురైకి పోయివచ్చాము.