కారు ఖరీదులో భోజనం

ఫార్ములా వన్ కారు ఎంతవుతుంది అని అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. కార్బన్ ఫైబర్ చట్రం, ఇంజన్, గేర్‌బాక్స్, ముందు రెక్క, ఒంటినిండా బటన్లున్న స్టీరింగ్, ఇలా విడిభాగాల ధరలు కూడేవాళ్లు కోటి డాలర్లు దాటుతుందంటారు. టీముల బడ్జెట్లు చూసినవాళ్లు ఆ అంకెని చూసి నవ్వుతారు. విండ్ టన్నెల్‌లో గడిచిన గంటలు, పనికిరాక పక్కన పడేసిన డిజైన్లు, వందలమంది జీతాలు కలిపితేనే కదా ఆ కారు ట్రాక్ మీదికి వచ్చేది! ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న మనవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. ఇటుకల లెక్క ఎప్పుడూ ఇంటి లెక్క కాదు.

మరి ఏది కారు లెక్క? దీన్ని తేల్చక తప్పని రోజు ఫార్ములా వన్‌కి 2021లో వచ్చింది. అప్పటిదాకా పెద్ద టీములు ఏడాదికి 40 కోట్ల డాలర్ల దాకా ఖర్చు పెట్టేవని అంచనా. చిన్న టీములు అందులో మూడో వంతుతో నెట్టుకొచ్చేవి. ఆ పందెంలో ఎవరు ముందుంటారో రేసు మొదలవకముందే సగం తెలిసిపోయేది. అందుకని ఖర్చుకి పరిమితి పెడదామనుకున్నారు. ముందు 17.5 కోట్ల డాలర్లన్నారు. కోవిడ్ దెబ్బకి దాన్ని 14.5 కోట్లకు దించారు.

పరిమితి పెట్టాలంటే ముందు ఖర్చు అంటే ఏంటో రాసుకోవాలి. చిక్కంతా అక్కడే మొదలైంది.

2022 అక్టోబర్‌లో రెడ్ బుల్ టీముకి 70 లక్షల డాలర్ల జరిమానా పడింది. ఏరోడైనమిక్ పరీక్షలకి ఉన్న సమయంలో పదో వంతు కోత కూడా పెట్టారు. 2021లో వాళ్లు పరిమితిని 18.64 లక్షల పౌండ్లు, అంటే 1.6 శాతం దాటారని నియంత్రణ సంస్థ ఎఫ్‌ఐఏ తేల్చింది. ఆ ఏడాది ఛాంపియన్‌షిప్ ఆఖరి రేసు ఆఖరి ల్యాప్‌లో తేలిన సంగతి గుర్తుంటే, ఎదుటి టీముల కోపం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. లెక్కల్లో తప్పుగా వదిలేసినవి, సరిగ్గా చూపనివి మొత్తం 13 అంశాలు. వాటిలో ఒకటి క్యాటరింగ్. ఉద్యోగుల భోజనం! దురుద్దేశం ఉందనడానికి ఆధారాలు లేవని కూడా ఎఫ్‌ఐఏ చెప్పింది.

భోజనంతో కారు వేగంగా పోతుందా అని నవ్వుకోవడం తేలిక. పోతుందనే నాకు అనిపిస్తుంది. అర్ధరాత్రి దాకా ఫ్యాక్టరీలో ఉండే ఇంజనీరుకి అక్కడే వేడి అన్నం దొరికితే బయటికి వెళ్లే గంట మిగులుతుంది. ఆ గంట రెక్క మీదికే పోతుంది. పైగా భోజనాన్ని వదిలేస్తే డబ్బున్న టీము రేపు ఇంటద్దె ఇస్తుంది, ఎల్లుండి పిల్లల స్కూలు ఫీజు కడుతుంది, అదంతా సంక్షేమం అంటుంది. కాబట్టి లెక్కపెట్టడమే న్యాయం.

కానీ లెక్కపెట్టిన క్షణం నుంచి ఏమవుతుందో చూడండి. భోజనం, జీతం, కొత్త రెక్క ఒకే సంచిలోంచి తీయాల్సిన డబ్బయిపోతాయి. ఒక మెకానిక్‌కి జీతం పెంచితే ఆ మేరకు కారుకి తగ్గుతుంది. టీముల మధ్య న్యాయం కోసం పెట్టిన గీత, టీము లోపల మనిషినీ వస్తువునీ ఎదురెదురుగా నిలబెట్టింది. గీత గీసినవాళ్లు చెడ్డవాళ్లని కాదు. ఏ గీతకైనా ఒక లోపలి వైపు ఉంటుంది, అంతే.

ఈ నిబంధనల్లో లెక్కలోకి రానివాటి జాబితా ఇంకా ఆసక్తిగా ఉంటుంది. డ్రైవర్ల జీతాలు రావు. అందరికంటే ఎక్కువ జీతం తీసుకునే ముగ్గురి జీతాలూ రావు. ప్రసూతి సెలవు, అనారోగ్యపు సెలవుల్లో ఇచ్చే జీతం కూడా రాదు. కాగితం మీద మూడూ ఒకటే, మూడూ మినహాయింపులే. కానీ వాటి వెనకున్న కారణాలు ఒకటి కావు.

మొదటి రెండింటిని సమర్థించేవాళ్ల దగ్గర జవాబుంది. ఈ పరిమితి కారు కోసం పెట్టింది, తారల మార్కెట్ కోసం కాదంటారు. కానీ అగ్రశ్రేణి డ్రైవర్ ఏడాది జీతం కోట్ల డాలర్లలో ఉంటుంది. అతని పక్కన నిలబడి టైరు మార్చే మనిషి జీతం మాత్రం పైసాతో సహా లెక్కలోకి వస్తుంది. బేరమాడే బలం ఎవరికి ఉందో వాళ్లు గీతకి అవతల ఉన్నారు. ప్రసూతి సెలవు సంగతి వేరు. అది లెక్కలో ఉంటే, గర్భిణిని చూసిన ప్రతిసారీ మేనేజరుకి ఒక రెక్క గుర్తొస్తుంది. అలా గుర్తు రాకూడదు కాబట్టే పోటీలోంచి తీసి బయట పెట్టారు. ఒకే ఖాళీ గడిలో ఒకచోట బలం కూర్చుంది, ఇంకోచోట మర్యాద కూర్చుంది.

అందుకే ఖరీదు అనేది వస్తువులో దాగి ఉన్న అంకె అని నేననుకోను. దేన్ని లెక్కపెట్టాలి, ఎవర్ని వదిలేయాలి అని కొందరు కూర్చుని తీసుకున్న నిర్ణయమది. దాన్ని మార్చుకోవచ్చు కూడా. స్విట్జర్లాండ్‌లోని హిన్‌విల్‌లో ఉన్న టీము చాన్నాళ్లుగా ఒక మాట అంటూ వచ్చింది: ఇంగ్లండ్‌లో సరిపోయే జీతం మా ఊళ్లో సరిపోదు, పరిమితి మాత్రం ఇద్దరికీ ఒకటేనా? 2026 నిబంధనల్లో జీతాలెక్కువున్న దేశాల టీములకి సర్దుబాటు ఇచ్చారు. అందరికీ ఒకే అంకె పెట్టడం సమానత్వం కాకపోవచ్చని ఒప్పుకోవడానికి ఐదేళ్లు పట్టింది. అయినా ఒప్పుకున్నారు.

మన జేబులోంచి పోయే డబ్బుకి ఇంత పంచాయితీ జరగదు. పది నిమిషాల్లో గుమ్మం ముందుకొచ్చే పాల ప్యాకెట్‌కి యాప్ ఒక ధర చూపిస్తుంది. తెచ్చిన కుర్రాడి బండి, పెట్రోలు, ఫోను అతనివే. ఎండలో ఆర్డర్ కోసం ఎదురుచూసిన అరగంట ఎవరి ఖాతాలోనూ లేదు. ధర చవకగా కనిపించడానికి సగం కారణం అదే. కోటీశ్వరుల ఆటలో అన్నం ఖర్చు ఎవరి లెక్కలోకి వస్తుందని నెలల తరబడి ఆడిటర్లు కూర్చుని తేల్చారు. ఆ కుర్రాడి మధ్యాహ్న భోజనం ఎవరి లెక్కలోకి వస్తుందో తేల్చడానికి ఇంకా ఎవరూ కూర్చోలేదు.