ఎవరి హక్కు వారికి

ఇస్లాం ధర్మవేత్తలు మనిషి బాధ్యతలను రెండుగా చెబుతారు. హుఖూఖుల్లాహ్ అంటే అల్లాహ్ హక్కులు, హుఖూఖుల్ ఇబాద్ అంటే ఆయన దాసుల హక్కులు. నమాజు, రోజా (ఉపవాసం) మొదటి కోవలోకి వస్తాయి. తల్లిదండ్రులకు, ఇల్లాలికి, పొరుగువారికి, అప్పిచ్చినవారికి చెందవలసినవి రెండో కోవలోకి వస్తాయి. అయితే ఈ గీత అంత గట్టిది కాదు. నిసాబ్ (జకాత్ విధి అయ్యే కనీస పరిమితి) దాటిన సొమ్ము ఏడాది నిలిస్తే అందులో 2.5 శాతం జకాత్‌గా ఇవ్వాలి. అది పేదవాడి హక్కూ, ఆరాధనా కూడా. అలాగే ముసలితనం వల్ల రోజా ఉండలేనివారు దానికి బదులు రోజుకొక పేదకు అన్నం పెడతారు.

మరి ఈ రెండు హక్కులూ పోటీపడితే? మనుషులకు సేవ ఎంత చేసినా ఐదు పూటల నమాజు మాఫీ కాదు. ఫర్జ్, అంటే తప్పనిసరి విధి విషయంలో పేచీ లేదు. చిక్కంతా నఫిల్ దగ్గరే, అంటే విధి కాకపోయినా భక్తి కొద్దీ చేసే అదనపు ఆరాధన దగ్గర.

బుఖారీ సంకలనం చేసిన హదీసుల్లో (ప్రవక్త మాటలు, చేతల కథనాల్లో) ఆయన అనుచరులు సల్మాన్, అబూ దర్దాల ఉదంతం ఉంది. మదీనాలో దైవప్రవక్త వారిద్దరినీ సోదరులుగా జతపరిచారు. ఒకనాడు సల్మాన్ వచ్చేసరికి అబూ దర్దా ఇల్లాలు మాసిన బట్టల్లో ఉంది. భర్తకు ఈ లోకం మీద ధ్యాసే లేదని చెప్పింది. అబూ దర్దా అతిథికి వడ్డించి, తనకు రోజా అన్నాడు. నువ్వు తింటేనే నేను తింటానని సల్మాన్ పట్టుబట్టి తినిపించాడు. రాత్రి నమాజుకు లేవబోతే పడుకోమన్నాడు, మళ్లీ లేవబోతే మళ్లీ పడుకోబెట్టాడు. తెల్లవారుజాముకు ముందు ఇద్దరూ కలిసి నమాజు చేశారు. ప్రభువుకూ, నీ ప్రాణానికీ, నీ ఇంటివారికీ నీ మీద హక్కులున్నాయని సల్మాన్ చెప్పిన మాటను ప్రవక్త సమర్థించారు. ఇక్కడ నమాజు ఆగలేదు, దాని వేళ మారిందంతే. ఇంటావిడ మాసిన బట్టలే ఈ కథకు మొదలు కావడం గమనించదగినది.

మరో హదీసులో ఎండ మండే ప్రయాణంలో రోజా ఉన్నవారు సొమ్మసిల్లారు; లేనివారు గుడారాలు వేసి, జంతువులకు నీళ్లు పెట్టారు. ఆనాటి పుణ్యం రోజా లేనివారిదేనని ప్రవక్త అన్నారు. నమాజు చేయిస్తుండగా పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, తల్లి మనసెరిగి ఆయన నమాజునే క్లుప్తం చేసేవారు.

1111లో మరణించిన ధర్మవేత్త గజాలీ, పొరుగువారిని ఆకలితో వదిలి పదేపదే హజ్ యాత్రకు వెళ్లే ధనికులను ఆత్మవంచకుల్లో లెక్కగట్టారు. ఖుర్‌ఆన్ 107వ సూరా మాఊన్ ఇంకా చిన్న విషయం దగ్గరికి వెళుతుంది. నమాజు పట్ల ఏమరుపాటుగా, నలుగురికీ చూపడం కోసం చేసేవారినే అది చిన్నపాటి సాయం నిరాకరించేవారిగానూ నిందిస్తుంది. ఆ సాయమంటే ఇరుగుపొరుగు అడిగి పుచ్చుకునే గొడ్డలి, వంటపాత్ర, నీళ్లు తోడే చేద అని తొలితరం వ్యాఖ్యాతల వివరణ.