ఆ ఓడలు ఎవరివి?

టారో కార్డుల్లో 'త్రీ ఆఫ్ వాండ్స్' అని ఒక బొమ్మ ఉంది. కొండ అంచున ఒక మనిషి నిలబడి ఉంటాడు. మనకి అతని వీపే కనిపిస్తుంది. పక్కన నేలలో పాతిన మూడు కర్రలు, ఎదురుగా నీళ్లు, ఆ నీళ్ల మీద చిన్న చిన్న ఓడలు. 1909లో లండన్‌లో వచ్చిన రైడర్ ప్యాక్ కోసం పమేలా కోల్‌మన్ స్మిత్ వేసిన బొమ్మ ఇది. ఆమెతో ఆ బొమ్మలు వేయించిన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్, ఆ ఓడలు ఆ మనిషివేననీ వాటిలో ఉన్నది అతని సరుకేననీ తన పుస్తకంలో రాశాడు. అందుకే వ్యాపారం గురించి అడిగినప్పుడు ఈ కార్డు పడితే మంచి శకునం అంటారు. శ్రమ ఫలిస్తోంది, లాభం దారిలో ఉంది, ధైర్యంగా దిగమంటారు.

బొమ్మలో మాత్రం ఏ ఓడ మీదా ఎవరి పేరూ లేదు. వస్తున్నాయో పోతున్నాయో కూడా తెలియదు. విశాఖ బీచ్ రోడ్డులో నిలబడి చూసినా అంతే. దూరంగా లంగరేసిన ఓడలు కనిపిస్తాయి, చూడ్డానికి బావుంటాయి. సరుకు ఎవరిదో, ఆగిన ప్రతి రోజుకీ ఎవరి జేబు ఖాళీ అవుతోందో ఒడ్డు మీంచి కనపడదు.

ఇప్పుడు సబ్బవరంలో ఒకతను హైవే పక్కన టిఫిన్ హోటల్ పెట్టాలనుకున్నాడనుకుందాం. అనకాపల్లి-ఆనందపురం రోడ్డు ఆరు వరసలైంది. ఊరికి లా యూనివర్సిటీ వచ్చింది, మండలంలోనే వంగలిలో పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ క్యాంపస్ వచ్చింది. ఆశ పుట్టడానికి కారణాలు చాలానే ఉన్నాయి. పెట్టుబడిలో సగం భార్య బంగారం మీద తెచ్చిన అప్పు. కొంత ఆవిడ డ్వాక్రా గ్రూపు లోను. మిగతాది బావమరిది పాడుకున్న చీటీ డబ్బు. అతను ఫోన్లో టారో చూసేవాళ్లని అడిగాడు. మూడు కార్డులు తీశారు. చివరిది ఇదే, ఓడల కార్డు.

ఇది మూఢనమ్మకం అని కొట్టిపారేసి కాఫీ తాగడం తేలిక. అలా కొట్టిపారేయడానికి సరంజామా కూడా ఉంది. టారో పదిహేనో శతాబ్దపు ఉత్తర ఇటలీలో పుట్టిన పేకాట. 1781లో కూర్ ద జెబెలాన్ అనే ఫ్రెంచి పండితుడు ఇది ప్రాచీన ఈజిప్టు విజ్ఞానమని రాశాకే దానికి ఈ గాంభీర్యం వచ్చింది. ఇక చదివింది మనకి ఎందుకు సరిపోతుందంటే, 1948లో బెర్‌ట్రామ్ ఫోరర్ అనే సైకాలజిస్టు తన విద్యార్థులు 39 మందికి 'ఇది ప్రత్యేకంగా నీ గురించే' అని చెప్పి అందరికీ ఒకే పేరా ఇచ్చాడు. ఎంత సరిపోయిందో మార్కులేయమంటే సగటున అయిదుకి 4.26 వేశారు. మన చిలక జోస్యమూ ఇంతే, చిలక ఎవరికి ఏ కార్డు లాగినా అందులో ఆ మనిషి కథ ఎంతో కొంత దొరుకుతుంది.

కానీ ఇంతటితో అయిపోదు. లెక్కలు వేసుకోవయ్యా, కార్డులెందుకు అంటాం. లెక్కకి లొంగనిది ఉంటే? ఫ్రాంక్ నైట్ అనే ఆర్థికవేత్త 1921లో ఈ తేడానే చెప్పాడు. పాచిక వేస్తే ఆరు పడే అవకాశం ఎంతో లెక్కగట్టొచ్చు, అది రిస్కు. అసలు లెక్కగట్టడానికే వీల్లేనిది అనిశ్చితి. వ్యాపారంలో నిజమైన లాభం పుట్టేది ఆ రెండోదాంట్లోనే అన్నాడు. 2021 జనవరి 27న స్టీల్ ప్లాంటులో నూటికి నూరు శాతం వాటా అమ్మేయడానికి కేంద్ర కేబినెట్ కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2025 జనవరిలో అదే కేంద్రం ప్లాంటుకి 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. ఈ నాలుగేళ్ల మధ్యలో కూర్మన్నపాలెంలో షాపు తీసుకోవాలా వద్దా అని తేల్చుకోవాల్సినవాడికి ఏ లెక్క పనికొస్తుంది? బ్యాంకువాళ్లు అడిగే ప్రాజెక్టు రిపోర్టులో అయిదేళ్ల అమ్మకాలు వరసగా రాసిస్తాం. అది కూడా ఒక రకం జోస్యమే కదా.

కాబట్టి కార్డు అడిగినవాడు తెలివితక్కువవాడని నేను అనను. అతను సమాచారం కోసం వెళ్లలేదు, ధైర్యం కోసం వెళ్లాడు. ధైర్యం లేకుండా ఎవరూ షట్టర్ ఎత్తరు. ఇంకోటి కూడా ఉంది. బొమ్మ ఎదురుగా ఉంటే మనసులో మాట బయటికొస్తుంది. "ఓడలు వెళ్లిపోతున్నట్టున్నాయే" అని అతని నోట వచ్చిందంటే, అతని భయం ఏమిటో అతనికే తెలిసొస్తుంది. మంచి టారో రీడర్ అక్కడ ఆగి, ఎందుకలా అనిపించింది అని అడుగుతారు. అందులో నాకు తప్పేమీ కనిపించదు.

తప్పు ఆ ధైర్యం ఎవరి ఖర్చుతో అన్న దగ్గర మొదలవుతుంది. తన డబ్బే, తనొక్కడే అయితే బొమ్మా బొరుసూ వేసుకోవచ్చు. ఇక్కడ బంగారం ఆవిడది. గ్రూపులో కంతు తప్పితే తలొంచుకోవాల్సింది ఆవిడ. హోటల్లో ప్లేట్లు కడగడానికి ఉన్న పని మానుకొచ్చే కుర్రాడిదీ అందులో వాటా ఉంది. వాళ్లకి అతను కారణం బాకీ ఉన్నాడు. ప్రాజెక్టు రిపోర్టు అబద్ధమే అయినా ఆవిడ దాన్ని పట్టుకుని, "రోజుకి రెండొందల ప్లేట్లు ఎలా పోతాయండీ? పక్కన ఇప్పటికే రెండు హోటళ్లున్నాయి కదా" అని నిలదీయొచ్చు. కార్డుని ఏమని నిలదీస్తుంది? "కార్డు మంచిదొచ్చింది" అన్న మాటకి జవాబుండదు. కాదంటే అపశకునం పలికిందని పేరు. ఆవిడ నోరు మూయించడానికి అంతకంటే మర్యాదైన దారి లేదు.

నష్టం వచ్చాక కూడా ఇదే సదుపాయం. టైం బాలేదు, గ్రహాలు కలిసిరాలేదు అంటే సరిపోతుంది. కార్డు చదివినవాళ్లు పోగొట్టుకునేది ఏమీ లేదు. అతను కూడా నిర్ణయం తనది కాదనుకుని కాస్త తేలిక పడతాడు. బంగారం వేలానికి వెళుతున్నట్టు నోటీసు మాత్రం ఆవిడ పేరునే వస్తుంది.

ఉగాదికి పంచాంగంలో మన రాశికి ఆదాయం ఎంత, వ్యయం ఎంత అని ఇంటిల్లిపాదీ వింటాం. వ్యయమే ఎక్కువుంటే నవ్వుకుని పులిహోర తింటాం. అది అందరి ముందూ చదివే మాట, దానిమీద ఎవరైనా జోకు వేయొచ్చు. ఫోన్లో ఒంటరిగా విన్న జవాబుకి ఆ గాలీ వెలుతురూ ఉండవు.

అడగాలనుంటే అడగనీ. ఓడల కార్డే పడనీ. దాన్ని ఇంటికి తెచ్చి ఆవిడ ముందు పెట్టాలి. నీకేం కనిపిస్తోంది అని అడగాలి. ఆ ఓడలు ఎవరివి, మునిగితే ఎవరివి మునుగుతాయి అని ఆవిడ అడిగితే కూర్చుని జవాబు చెప్పాలి. ఆవిడ వద్దంటే, ఆ మాటకి బదులుగా ఇంకో కార్డు తీయకూడదు.