అదే కారా, వేరే కారా?



మొదటి జీతం, మొదటి సైకిలు, మొదటి బండి - వీటిని మనిషి అంత తేలికగా మరచిపోడు. మరచిపోలేక వాటిని దాచుకునేవారు కొందరైతే, వాటితోనే జీవితమంతా గడిపేవారు ఇంకొందరు. ఈ వారం అటువంటి ఒకరిని మీకు పరిచయం చేస్తాను.

జుక్కల్ వైపు ఇళ్ల సందర్శనకు వెళ్లినప్పుడల్లా ఒక పెద్దాయన ఇంటి దగ్గర తప్పక ఆగుతాను. పశువుల కొట్టం పక్కన రేకుల షెడ్డు, అందులో 1968 నాటి ఫియట్ డిలైట్ కారు. స్టీరింగు పక్కనే గేరు ఉండే పాత బండి. ఇటలీవారి ఫియట్ 1100 నమూనాతో బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ తయారుచేసింది. తరువాతి కాలంలో పద్మిని పేరుతో దేశమంతా తిరిగింది ఈ జాతి కారే. 2023 అక్టోబరులో ముంబైలో చివరి పద్మిని టాక్సీ కూడా రోడ్డు దిగిపోయింది. జుక్కల్ లో ఈయన బండి మాత్రం ఇంకా కదులుతూనే ఉన్నది.

1986లో కందులు అమ్మిన డబ్బుతో దానిని పాతబండిగానే కొన్నారు. అది ఆ ఇంటికి మొదటి కారు. ఆనాటి నుండి మరమ్మతులకు అంతు లేదు. నల్లరేగడి బురదకు అడుగు రేకు తుప్పుపట్టి ఊడింది. వైర్లు ఎలుకలు కొరికాయి. రెండుసార్లు బోరింగు చేయించాక ఇంజిను పూర్తిగా పోతే, తుక్కుకు వేసిన మరో బండి ఇంజిను తెచ్చి బిగించారు. విడిభాగాల కోసం దెగ్లూరు, నాందేడు, హైదరాబాదు తిరిగారు. ఒక కార్బురేటరు కోసం రెండేళ్లు ఎదురుచూశారు. ఇప్పుడు మొదటినుండి ఉన్నవి ఛాసిస్, స్టీరింగు చక్రం, ఇంకా చిన్నాచితకా కొన్ని.

ఒకనాడు ఆయనే అడిగారు: "ఫాదర్, తలుపులు మారినయ్, సీట్లు మారినయ్, ఇంజనే మారిపాయె. ఇప్పుడు ఇది అదే కారంటరా, వేరే కారంటరా?"

గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివిన నాకు ఆ ప్రశ్న పాతదే. ఏథెన్సు ప్రజలు తమ వీరుడు థీసియస్ ఓడను భద్రపరచి, పుచ్చిన చెక్కను తీసి కొత్త చెక్క వేస్తూ వచ్చారనీ, అది అదే ఓడా కాదా అని తత్త్వవేత్తలు వాదించుకున్నారనీ ప్లూటార్కు వ్రాశాడు. 17వ శతాబ్దంలో ఇంగ్లండుకు చెందిన హాబ్స్ దానికి మరో చిక్కు కలిపాడు: తీసేసిన పాత చెక్కలన్నిటినీ ఒకడు దాచి, వాటితో ఇంకో ఓడ కట్టితే, రెండింటిలో అసలుది ఏది?

మన ప్రభుత్వానికి కూడా ఈ ప్రశ్న తప్పలేదు. 2021 జూలైలో వచ్చిన నిబంధనల ప్రకారం, 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజినులలో పెద్ద మార్పులు లేని కారును వింటేజి వాహనంగా నమోదు చేస్తారు. రుసుము 20,000 రూపాయలు. అయితే ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప రోజువారీ పనులకు ఆ కారు తీయరాదు. ఈ సంగతి చెబితే పెద్దాయన నవ్వారు. "షెడ్డు దాటని కారుకు నంబరెందుకు ఫాదర్?"

ఆ మాటలో అరిస్టాటిల్ ఉన్నాడనిపించింది. వస్తువు ఏదని చెప్పాలంటే అది దేనితో తయారైందని మాత్రమే కాక, దేనికోసం తయారైందని కూడా అడగాలన్నాడాయన. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్ లో పసుపుపచ్చని రోల్స్ రాయిస్ ఉంది, 1912 నాటిది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోరి చేయించుకున్నారు, కానీ 1911లోనే కన్నుమూశారు. ఆ తరువాత కూడా అది తిరిగింది చాలా తక్కువ. చూడ ముచ్చటైన వస్తువే. కాని జుక్కల్ ఫియట్ గర్భిణులను ఆసుపత్రికి, పెళ్లికూతుళ్లను అత్తవారింటికి చేర్చింది. అదే పనిలో, అదే చేతుల కింద తెగకుండా సాగింది గనుక అది అదే కారని ఆయనతో అన్నాను. 13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వీనాసు గారు నిప్పును ఉదాహరణగా చెప్పారు: కట్టెలు కాలిపోతూ కొత్త కట్టెలు పడుతున్నా, మంట ఆరనంతవరకు అది ఆ నిప్పే.

పెద్దాయన చాలాసేపు మౌనంగా ఉండి, "మరి ఆరితే?" అన్నారు.

అప్పుడు గాని అసలు సంగతి తెలియలేదు. ఆ కారు కొన్నది ఆయన ఒక్కరే కాదు, అన్నదమ్ములిద్దరూ కలిసి కొన్నారు. 2002లో పంపకాల సమయంలో బావి గట్టు దగ్గర మాట తప్పిపోయింది. కారు అన్నకు వచ్చింది, తమ్ముడు పోయాడు. ఆనాటి నుండి మాటలు లేవు. కార్బురేటరు కోసం నాందేడు దాకా వెళ్లిన మనిషికి, నాలుగు వీధుల అవతల ఉన్న తమ్ముడి ఇల్లు దూరమైంది. ఇన్నేళ్లూ ఆ కారును మెచ్చుకుంటూ వచ్చిన నేను కూడా ఆయనను ఈ ప్రశ్న అడగలేదు. ఆ తప్పు నాది.

వస్తువును ప్రేమించడం పాపమా? కాదు. ఓపికగా బాగుచేసుకోవడం మంచి గుణం, పారవేయడమే అలవాటైన ఈ రోజుల్లో మరీ మంచిది. అయితే వాడుకోవలసినవి కొన్ని, ప్రేమించవలసినవి కొన్ని అనీ, ఆ రెండూ తారుమారైతే మనసు దారి తప్పుతుందనీ పునీత అగస్టీను గారు బోధించారు. ఎందుకు తారుమారు చేస్తాం? కారును బాగుచేయడం తేలిక గనుక. కారు చెడితే లోపం ఎప్పుడూ కారులోనే ఉంటుంది, పానా పట్టుకున్న చేతిలో ఉండదు. బంధం చెడితే మార్చవలసిన భాగం మనలోనే ఉండవచ్చు. దానికి నాందేడులో దుకాణం లేదు.

"ఆరితే?" అన్నదానికి నేను చెప్పిన జవాబు ఇది: కారును మీరు కొన్నారు, తమ్ముణ్ణి మీరు కొనలేదు. ఆ నిప్పును రాజేసింది మీరు కాదు గనుక ఆర్పడం కూడా మీ చేతిలో లేదు. అది నివురు గప్పిన నిప్పు. ఊదవలసినది ఎవరో మీకే తెలుసు.

మొన్నటి క్రిస్మసుకు ఆయన ఆ కారులోనే తమ్ముడి ఇంటికి వెళ్లారు. తమ్ముడు బయటికి రాలేదు. మరదలు మాత్రం చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. కాసేపు కారులోనే కూర్చుని తిరిగి వచ్చారు. బాధపడి ఉంటారని ఓదార్చబోయాను. ఆయన చేతులు తుడుచుకుంటూ, "మళ్ల పోత ఫాదర్. ఇంజన్ గూడ మొదటిసారికే స్టార్ట్ గాలేదు" అన్నారు.

పాఠకులారా, మీరు ఓపికగా కాపాడుకుంటున్నది ఏమిటి? ఓపిక లేదని వదిలేసింది ఎవరిని? ఈ ఆదివారం పూజకు బయలుదేరేలోపు ఒక్క నిమిషం ఆలోచించండి.