వెనక సీటు

మా అన్నయ్య కూతురు ప్రేమలో పడింది. పడడం తప్పు కాదు. ఆ వయసులో పడకపోతేనే డాక్టరుకి చూపించాలి. అయితే అది ప్రేమించింది కుర్రాణ్ణా, అతని మోటారు సైకిలునా అన్నదే మా ఇంట్లో ఇంకా తేలలేదు.

సాయంత్రంపూట రాజాంలో పాలకొండ రోడ్డు పక్కన నిలబడితే అలాంటి కుర్రాళ్ళు మీకూ కనిపిస్తారు. సైలెన్సరు మార్పించిన బుల్లెట్టు బళ్ళు, నల్ల చొక్కాలు, అయిదారుగురు ఒక జట్టు. ఒకడి జోలికి వెళితే అందరి జోలికీ వెళ్ళినట్టే. వాళ్ళు దొంగలు కారు, రౌడీలూ కారు. పొద్దున్న అమ్మ పెట్టిన ఉప్మా తిని బయటికొచ్చినవాళ్ళే. కాని బండెక్కగానే వాళ్ళకి ఇంకెవరి మాటా చెల్లని చిన్న రాజ్యం ఒకటి వచ్చేస్తుంది.

"అతను నాకోసం ప్రాణమిచ్చేస్తాడత్తా" అంది మా పిల్ల.

"నీకెలా తెలుసే?"

"తెలుస్తుంది. నీ నవల్లో హీరో లేడూ? అచ్చం అలాగే."

నా నోరు మూతపడింది. నిజమే, పదిహేనేళ్ళ క్రితం అలాంటి హీరోని రాసేను. మాట తక్కువ, కోపం ఎక్కువ, వేగం మరీ ఎక్కువ. జోరున వాన కురుస్తుంటే నాయికని బండెక్కించుకుని, "భయమేస్తే నన్ను పట్టుకో" అంటాడు. ఆ ఒక్క వాక్యం బాగుందని ఎంతమంది ఆడపిల్లలు ఫోను చేసేరో! "కొంచెం నెమ్మదిగా నడపమని ఆవిడ ఎందుకు అనలేదండీ?" అని మాత్రం ఒక్కరూ అడగలేదు. రాసినదాన్ని, నాకే తోచలేదు. మరి ఇవాళ ఏ మొహం పెట్టుకుని ఈ పిల్లని కోప్పడను?

అందుకని కోప్పడడం మానేసి ఆలోచించడం మొదలుపెట్టేను. లోకం భయపడే మగవాడి పక్కన కూర్చుంటే ఆడపిల్లకి ధైర్యం ఎందుకొస్తుంది?

చీకటి పడకుండా ఇంటికి రా, గట్టిగా నవ్వకు, నలుగురూ ఏమనుకుంటారో చూసుకో అని వింటూ పెరిగిన పిల్లకి, ఎవరి మాటా విననివాడు స్వేచ్ఛకి మారురూపంలా కనిపిస్తాడు. తాను తెంచుకోలేని తాళ్ళని అతను తెంచేస్తాడనుకుంటుంది. పైగా, లోకాన్నే లెక్కచెయ్యనివాడు నన్నొక్కదాన్ని లెక్కచేస్తున్నాడన్న గర్వం ఒకటి. ఆ గర్వం రుచి నాకు తెలీదని చెప్పను. తెలియకపోతే ఆ హీరోని రాయగలిగేదాన్నా?

మన కుర్రాళ్ళది ఆట. ఆ ఆట నిజమైతే ఎలా ఉంటుందో అమెరికాని చూస్తే తెలుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేక, 1948లో, కాలిఫోర్నియాలో హెల్స్ ఏంజెల్స్ అనే మోటారు సైకిలు క్లబ్బు పుట్టింది. తరవాత అలాంటివి ఎన్నో. చట్టానికి లోబడే తొంభైతొమ్మిదిమందీ వేరు, నూటికి మిగిలిన ఆ ఒక్కరం మేం అని చొక్కాలమీద గుర్తు కుట్టించుకుంటారు. 1953లో 'ది వైల్డ్ వన్' సినిమాలో మార్లన్ బ్రాండో అలాంటి కుర్రాడిగా నటించేక, తోలుకోటు తొడుక్కున్న ప్రతివాడికీ లేని అందం వచ్చిపడింది. అందం ఒకవేపు, రెండోవేపు 1969 డిసెంబరులో ఆల్టమాంట్‌లో కనిపించింది. పెద్ద పాటకచేరీ అది. వేదిక దగ్గర ఉన్నవాళ్ళు ఈ ఏంజెల్సు. కచేరీ జరుగుతూండగానే పద్దెనిమిదేళ్ళ కుర్రాడొకడు వాళ్ళలో ఒకడి కత్తిపోట్లకి చచ్చిపోయేడు. ఆ కుర్రాడి చేతిలో పిస్తోలు ఉంది, ఆత్మరక్షణ కోసమే పొడిచేడని నమ్మి కోర్టు పొడిచినవాణ్ణి వదిలేసింది. ఏదయితేనేం, కాపాడతారని నిలబెట్టినవాళ్ళ దగ్గరే జనానికి భయం పుట్టింది.

వాళ్ళ క్లబ్బుల్లో ఆడవాళ్ళకి సభ్యత్వం లేదు. సమావేశంలో చోటు లేదు, ఓటు లేదు. వెనక సీటు మాత్రం ఉంది. ఆ వెనక సీటు మీద కూర్చునే ఆవిడ కోటు వీపున "ఫలానావారి సొత్తు" అని రాసి ఉండడం కూడా కద్దు. ఆవిడ దాన్ని గర్వంగానే తొడుక్కుంటుంది. ఆ రాత ఉంటే ఇంకొకడు చెయ్యి వెయ్యడు కదా! కొంచెం ఆగి ఆలోచించండి. చెయ్యి వేస్తాడని భయపడవలసిన ఆ ఇంకొకడెవడు? సాధారణంగా ఆ జట్టులోవాడే. ప్రమాదమూ వాళ్ళదే, రక్షణా వాళ్ళదే. మనం నవ్వుకోనక్కరలేదు. "ఫలానావారి కోడలు" అన్న మాట మన వీపుల మీద ఎవరూ కుట్టలేదుగాని, చదవని ఊరుందా?

అమెరికా సంగతి మనకెందుకని ఊరుకుందామంటే మా ఊరు ఊరుకోనివ్వదు. రాజాం అంటే తాండ్ర పాపారాయుడి ఊరు. 1964లో 'బొబ్బిలి యుద్ధం'లో ఎస్వీ రంగారావు, 1986లో 'తాండ్ర పాపారాయుడు'లో కృష్ణంరాజు ఆ వేషం కట్టేరు. వెండితెర మీద ఆయన మీసం మెలేస్తే ఇక్కడ మేం ఛాతీలు విరుచుకునేవాళ్ళం. 1757 జనవరి 24న విజయనగరం విజయరామరాజూ, ఫ్రెంచి సేనాని బుస్సీ కలిసి బొబ్బిలి కోట మీద పడ్డప్పుడు పాపారాయుడు కోటలో లేడు, రాజాంలో ఉన్నాడు. కోటలోవాళ్ళు తెగించి పోరాడేరు. ఇంక నిలవలేమని తెలిసేక, శత్రువు చేతికి చిక్కకూడదని తమ ఆడవాళ్ళనీ పిల్లల్నీ తమ చేతుల్తోనే చంపి, తామూ చావుకి ఎదురువెళ్ళేరు. ఆలస్యంగా చేరుకున్న పాపారాయుడు అర్ధరాత్రి విజయరామరాజు డేరాలో దూరి, పగ తీర్చుకుని ప్రాణం వదిలేడని కథ.

నా చిన్నప్పుడు ఈ కథ చెబుతూ మా తాతగారు కళ్ళు తుడుచుకునేవారు. పక్కనే మా నాయనమ్మ చింతపండులో పిక్కలు తీస్తూ వింటూ ఉండేది. ఒకరోజు తలెత్తకుండానే అంది: "అంతా బాగానే ఉందిగాని, ఆ ఆడోళ్ళని ఎవులైనా అడిగినారేటి?"

"నీకేం తెలుసు? మానం కోసం" అన్నారు తాతగారు.

"అదే అడుగుతన్నాను. ఎవుల మానం?"

తాతగారు ఆ వేళ కథ పూర్తి చెయ్యలేదు.

ఆ వీరుల్ని తక్కువ చెయ్యాలని కాదు నా ఉద్దేశం. కాలం వేరు. ఓడిన కోటలో ఆడవాళ్ళకి పట్టే గతి ఏమిటో ఊహించగలం. అడిగి ఉంటే చాలామంది "సరే" అనేవారేమో. కొందరు తామూ కత్తి పట్టుకునేవారేమో. ఒకావిడ చంటిపిల్లని చూసుకుని, "ఎలాగో బతుకుతాను, నన్నొదిలెయ్యండి" అనేదేమో. మనకి తెలీదు. రాణి మల్లమ్మదేవి పేరొక్కటే మనకి మిగిలింది, తక్కినవాళ్ళంతా 'అంతఃపురం' అన్న ఒక్క మాటలో కలిసిపోయేరు. తన ప్రాణాన్ని లెక్కచెయ్యనివాడు గొప్పవాడే. కాని తన ప్రాణం గడ్డిపరక అనుకున్నవాడికి, పక్కనున్నవాళ్ళ ప్రాణం కూడా తనదే అనుకోవడానికి ఎంతోసేపు పట్టదు. నాకు భయం అక్కడ.

అలాగని ప్రమాదం లేని ప్రేమే ప్రేమ అంటానా? అనను. మా జిల్లాల తీరం పొడుగునా జాలరి ఇల్లాళ్ళున్నారు. వాళ్ళ మొగుళ్ళు రోజూ సముద్రం మీదికే వెళతారు. తుపాను కబురొస్తే ఆవిడ గుమ్మంలో అడ్డంగా నిలబడి వద్దనగలదు. అతను వినొచ్చు, వినకపోవచ్చు, కాని అడ్డుపడినందుకు అతని వీరత్వానికి తలవంపులు రావు. అక్కడ ప్రమాదం ఉంది, ఆవిడకి మాటా ఉంది. ప్రేమకి ప్రమాదం శత్రువు కాదనిపిస్తుంది నాకు. నీ ప్రాణం కూడా పెట్టి ఆడే ఆటలో నీకు మాట లేకపోవడమే శత్రువు.

ఈ ఉపన్యాసమంతా మా పిల్లకి ఇవ్వలేదు. ఇస్తే వింటుందా? ఒక్కటే చెప్పేను. "నీకోసం చచ్చిపోతాడా అని చూడకే. అది ఎవరూ పరీక్షించేది కాదు. బండి జోరుగా వెళుతున్నప్పుడు 'నెమ్మదిగా' అని చూడు. అతని జట్టంతా ఉన్నప్పుడు అను."

మొహం ముడుచుకుంది. "పిరికిదాన్నంటారు."

"ఎవరు?"

"వాళ్ళందరూ."

"అతనో?"

మాట్లాడలేదు.

వారం పోయేక వంటింట్లోకి వచ్చి, నా వెనక నిలబడి, "అన్నానత్తా" అంది.

"ఏమయింది?"

"ముందు వినబడనట్టే ఊరుకున్నాడు. రెండోసారి అంటే ఆపేశాడు. వాళ్ళందరూ కేకలేసుకుంటూ వెళ్ళిపోయేరు. మేమిద్దరం రోడ్డు పక్కన చాలాసేపు మాట్లాడుకోలేదు."

"తరవాత?"

"నాకూ హెల్మెట్టు కొనమన్నాను. చూద్దాం అన్నాడు."

కొంటాడో లేదో నాకు తెలీదు, దానికీ తెలీదు. ఈసారి మాత్రం దాని కళ్ళల్లో కనిపించింది అతని ధైర్యం కాదు, దానిదే.

నేనూ ఒక కొత్త నవల మొదలుపెట్టేను. మళ్ళీ వానే, మళ్ళీ మోటారు సైకిలే. నాయిక "నెమ్మదిగా" అంది. అతనేం చేస్తాడో తెలియక, కలం పట్టుకుని నాలుగు రోజులుగా అక్కడే కూర్చున్నాను.