కుక్క మెడలో కూత

తిరుచానూరు అమ్మవారి పెళ్ళి కథ వేటతోనే మొదలవుతుంది. గుర్రమెక్కి ఏనుగును తరుముకుంటూ వచ్చిన శ్రీనివాసుడు నారాయణవనం తోటలో చెలికత్తెలతో ఉన్న పద్మావతిని చూశాడు. ఆ తర్వాత ఏనుగు ఏమైందో కథ చెప్పేవాళ్ళు పట్టించుకోరు. చెలికత్తెలు రాళ్ళు రువ్వడం, వకుళమాత రాయబారం, కుబేరుడి దగ్గర అప్పు, ఇలా కథ అటు మళ్ళిపోతుంది. వేటకు వచ్చినవాడు అల్లుడయ్యాడు, అంతే. స్వామి వేటగాడన్న సంగతిని తిరుమల మాత్రం మరిచిపోలేదు. ఏటా కనుమ నాడు మలయప్పస్వామి పార్వేట మండపానికి వేంచేస్తాడు. స్వామి తరఫున అర్చకులు ముందుకు పరుగుతీసి ఈటెలు విసురుతారు. మేళాలు మోగుతాయి, జనం గోవింద కొడతారు. ఈటె ఏ జంతువుకూ తగలదు. తగలాలని ఎవరూ కోరుకోరు కూడా.

వేటలోంచి చంపడాన్ని తీసేస్తే మిగిలేవి పరుగు, గురి, చప్పుడు. పరుగు గురించి, గురి గురించి మన పురాణాలు బోలెడు చెప్పాయి. చప్పుడు గురించి చెప్పింది తక్కువేమీ కాదుగానీ, దాన్ని విడదీసి చూసినవాళ్ళు తక్కువ.

ఆ చప్పుడు చుట్టూనే అమెరికా, యూరప్ వేటగాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి ఒక వాదం నడుస్తోంది. దానికి కారణం బీపర్ కాలర్ అనే చిన్న వస్తువు. పిట్టల వేటకు తీసుకెళ్ళే కుక్క మెడకు కట్టే పట్టీ అది. పాయింటర్, సెట్టర్, బ్రిటనీ వంటి జాతుల కుక్కలు పిట్ట మీద పడవు, తరమవు. వాసన తగలగానే ముక్కు అటు తిప్పి, ఒక ముంగాలు పైకెత్తి, తోక బిగబట్టి అలాగే నిలబడిపోతాయి. యజమాని వచ్చి పిట్టను లేపేదాకా కదలకూడదు. చిక్కంతా ఆ యజమానికి కుక్క కనబడకపోవడంలోనే ఉంది. చిక్కటి పొదల్లో నూరు గజాల అవతల నిలబడిన కుక్కను వెతకడం మాటలు కాదు.

వెనకటికి దాని మెడలో గంట కట్టేవారు. గంట కుక్క కదిలినంతసేపే మోగుతుంది. తీరా పిట్టను కనిపెట్టి కుక్క ఆగగానే, సరిగ్గా కావలసినప్పుడు, గంట కూడా నోరు మూసుకుంటుంది. చివరిసారి ఎటువైపు వినబడిందో గుర్తుపెట్టుకుని వెతుక్కోవాలి. బీపర్ ఆ లెక్కను తిరగేసింది. కుక్క పరుగెత్తేటప్పుడు కొన్ని సెకన్లకోసారి కూస్తుంది, ఆగిందంటే గబగబా కూస్తుంది. ఆగినప్పుడు మాత్రమే కూసేలా కూడా పెట్టుకోవచ్చు. కొన్నింట్లో మామూలు కూతకు బదులు డేగ అరుపు ఉంటుంది. పైన డేగ తిరుగుతోందనుకుని పిట్ట ఎగరకుండా పొదలోనే నక్కి ఉంటుందని అమ్మేవాళ్ళ మాట. చప్పుడే వద్దనుకునేవాళ్ళకు జీపీఎస్ పట్టీలున్నాయి. వేటగాడి చేతిలోని తెర మీద కుక్క ఎక్కడుందో, పరుగులో ఉందో నిలబడిందో కనబడుతుంది, అడవికి మాత్రం ఏమీ వినబడదు. కుక్కల పట్టీలకు పేరుపడ్డ ట్రై-ట్రానిక్స్‌ను 2011లో జీపీఎస్ కంపెనీ గార్మిన్ కొనేసిందంటే గాలి ఎటు వీస్తోందో తెలుస్తూనే ఉంది.

వీటిలో ఏది కొనాలి? చూడబోతే ఇది దుకాణంలో తేలిపోయే బేరం. దశరథుణ్ణి అడిగితే మాత్రం అలా అనడు.

రాముడు అడవికి వెళ్ళాక, ప్రాణం పోయే ముందు, దశరథుడు కౌసల్యకు పాత పాపం ఒకటి చెప్పుకుంటాడు. వానాకాలం రాత్రి, సరయూ ఒడ్డు. చీకట్లో నీళ్ళ బుడబుడ వినబడింది. ఏనుగు నీళ్ళు తాగుతోందనుకుని, చప్పుడును బట్టి బాణం వదిలాడు. వినబడిన ఏడుపు మాత్రం మనిషిది. గుడ్డివాళ్ళయిన తల్లిదండ్రుల కోసం కుండ ముంచుతున్న కుర్రవాడు, మన జనం శ్రవణకుమారుడని పిలుచుకునేవాడు, ఆ బాణానికి పోయాడు. అసలు వేటకెందుకు వచ్చావని ఆ కథలో దశరథుణ్ణి ఎవరూ నిలదీయరు. తెలియక చేశావు కాబట్టి బతికిపోయావని ముసలి తండ్రి కూడా ఒప్పుకుంటాడు, శాపం మాత్రం తప్పలేదు. శబ్దవేధి విద్య చేతిలో ఉంది కదా అని, చెవికి తెలిసింది కంటికి తెలిసినట్టేనని దశరథుడు అనుకున్నాడు. పాపం అక్కడుంది.

భారతంలో ఇలాంటివే ఇంకో రెండున్నాయి. జింకల జంట కలిసి ఉండగా పాండురాజు బాణం వేశాడు, అది కిందముడనే ముని ధరించిన రూపమని తర్వాత తెలిసింది. రాజులు జింకల్ని వేటాడటం మామూలేనని పాండురాజు వాదించాడు. ముని ఆ వాదనను పూర్తిగా కొట్టిపారేయలేదు. ఏ స్థితిలో ఉన్నదాన్ని కొట్టావన్నదే తన ఫిర్యాదన్నాడు. ఇక మౌసలపర్వంలో జర అనే వేటగాడు శ్రీకృష్ణుడి పాదాన్ని చూసి జింక అనుకున్నాడు. ఒకరు విని మోసపోయారు, ఒకరు చూసి కూడా ఆగలేదు, ఇంకొకరు సగమే చూశారు. మొదటి రెండు చోట్లా వేట కన్నా తెలుసుకోకుండా వేసిన బాణానికే శిక్ష ఎక్కువ పడింది.

ఈ కథలు ఎరిగినవాడు బీపర్ కాలర్‌ను ముందు మెచ్చుకుంటాడు. తన కుక్క ఎక్కడుందో తెలుస్తుంది, అటు తుపాకీ పేల్చడు. పక్కన నడిచే తోటివాడికీ తెలుస్తుంది. అనుమానం కూడా వెంటనే వస్తుంది. కూత చెప్పేది కుక్క సంగతే, దాని ముందున్న పొదలో ఏముందన్నది చెప్పదు. కూత వినబడిన వైపు తుపాకీ ఎత్తుకుని పోయేవాడు సరయూ ఒడ్డు దాకా పోగలడు.

డేగ అరుపు సంగతి వేరు. గంటయినా, మామూలు బీప్ అయినా అడవిలో అందరికీ వినబడే చప్పుడే. మనిషి వస్తున్నాడని పిట్టకూ తెలుస్తుంది. ఎగిరిపోయే అవకాశం దానికి ఉంటుంది, కొన్ని పిట్టలు ఎగిరిపోతాయి కూడా. అందుకే కొందరు వేటగాళ్ళు బీపర్‌ను తిట్టుకుంటారు. డేగ అరుపు పిట్టతో అబద్ధం చెబుతుంది. శిబి చక్రవర్తి కథలో డేగ కూడా నిజం డేగ కాదు, ఇంద్రుడే. అయితే ఆ నాటకం రాజును పరీక్షించడానికి, పావురాన్ని చంపడానికి కాదు. అమెరికాలో ఫెడరల్ నిబంధనలు వలస పక్షుల వేటలో రికార్డు చేసిన పక్షి కూతల వాడకాన్ని కొన్ని మినహాయింపులతో నిషేధించాయి. కూతతో మోసం చేయడం తుపాకీ పేల్చడం లాంటిది కాదని అక్కడి చట్టానికీ తోచిందన్నమాట.

ఈ మోసం మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. పెంపుడు కౌజును బోనులో పెట్టి పొదల దగ్గర ఉంచితే అది కూస్తుంది. తన జాగాలోకి ఎవడో వచ్చాడని అడవి కౌజు పౌరుషంగా పరుగెత్తుకొచ్చి ఉచ్చులో కాలు పెడుతుంది. బ్యాటరీ లేదు, తెర లేదు, పని మాత్రం అదే. తరతరాలుగా పిట్టల మీద బతికిన నక్కల కుటుంబాలకు, యానాదులకు ఇది కూటి విద్య. విలాసం కోసం చేసే మోసాన్నీ ఆకలి కోసం చేసే మోసాన్నీ ఒకే తక్కెడలో పెట్టడం న్యాయం కాదు. చట్టం పెట్టింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన కొత్తల్లో లైసెన్సు తీసుకుని వేటాడే వీలుండేది, 1991 సవరణతో అదీ పోయింది. ఉచ్చు పన్నడం, తరమడం, ఎర వేయడం, చివరికి ప్రయత్నించడం కూడా చట్టం దృష్టిలో వేటే. 1989లో జాతీయ పార్కు, 2010లో జీవావరణ రిజర్వు అయిన శేషాచలం కొండల కింద తిరుచానూరు వాసి ఎవరైనా బీపర్ కాలర్ కొంటే కుక్క తప్పిపోకుండా కట్టుకోవాలి తప్ప పిట్టల కోసం పనికిరాదు. విదేశంలో ఖరీదైన పట్టీతో, లైసెన్సుతో తిరిగేవాడు క్రీడాకారుడు, ఇక్కడ బోనులో కౌజు మోసేవాడు నేరస్తుడు. పిట్టల్ని కాపాడాల్సిందే, అందులో రెండో మాట లేదు. ఆ కాపాడటానికి ఎవరి కూడు పోయిందో కూడా లెక్క రాసుకోవాలి.

ఎందుకంటే ఆ విద్య ఒకసారి పిట్టనే నిలబెట్టింది. కలివికోడి అనే పిట్టను చివరిసారి 1900లో చూశారు, ఆ తర్వాత అది అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర అది మళ్ళీ దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు వెతుకుతుంటే, రాత్రిపూట దీపం పట్టుకుని పొదల్లోంచి దాన్ని పట్టి తెచ్చింది అక్కడి పిట్టల వేటగాడే. ఆ పిట్ట ఎక్కువ రోజులు బతకలేదు గానీ, ఆ జాతి బతికే ఉందని లోకానికి తెలిసింది. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం దాని కోసమే వెలిసింది. తర్వాతి పరిశోధకులు దాని కూతను రికార్డు చేసి, పొద్దుగూకే వేళ పొదల్లో వినిపించి, బదులు వస్తుందేమోనని చెవులు రిక్కించారు. అదీ అబద్ధపు కూతే. లేని తోటి పిట్ట ఉందని నమ్మించడమే. ఇక్కడ ఎవరికీ తప్పుగా తోచదు, ఆ కూత వెనక తుపాకీ లేదు కాబట్టి. డేగ అరుపును తప్పుపట్టినవాడు దీన్ని ఒప్పుకుంటే, అతడి పేచీ అబద్ధంతో కాదని, అబద్ధం తర్వాత జరిగేదానితోనని ఒప్పుకోవాలి.

అహింస అని ఒక్కమాటతో ఇదంతా కొట్టేసేవాళ్ళున్నారు. వాళ్ళకు మనువు కొంత సాయం వస్తాడు, రాజుల కామజ వ్యసనాల్లో మద్యం, జూదం, స్త్రీల పక్కన వేటనూ చేర్చాడు. కౌటిల్యుడు అంత తొందరపడడు. జూదం కన్నా వేట నయమనీ, దానివల్ల ఒంటికి కసరత్తనీ, కదిలే గురిని కొట్టడం వస్తుందనీ, జంతువు మనసు తెలుస్తుందనీ పద్దు రాస్తాడు. ఇక తిరుచానూరుకు 40 కిలోమీటర్ల లోపే ఉన్న శ్రీకాళహస్తిలో తిన్నడు వేటాడిన మాంసాన్నే శివుడికి పెట్టాడు. పూజారి ఛీత్కరించుకున్నాడు, శివుడు మాత్రం ఆరగించాడు. ఒక కన్ను పెకలించి ఇచ్చి, రెండోదీ ఇవ్వబోయాక తిన్నడు కన్నప్పగా కొలువయ్యాడు. అటు వేటగాడైన స్వామి, ఇటు వేటగాడైన భక్తుడు. ఈ సీమలో వేటను పాపమని తేల్చి పారేస్తే రెండు గుళ్ళకూ సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది.

ఇంత మాట్లాడుకున్నా ఒకరి పేరు ఇంతవరకు సరిగ్గా రాలేదు. పట్టీ మోసేది కుక్క. పాండవులు వేటకు తీసుకెళ్ళిన కుక్క ఏకలవ్యుణ్ణి చూసి మొరిగితే, అతడు ఏడు బాణాలతో దాని నోరు మూయించాడు. ఆ విలువిద్యకు అందరూ ముక్కున వేలేసుకున్నారు. కుక్కకు నొప్పెట్టిందా అన్న ప్రశ్న అక్కడ రాలేదు. అదే ఆదిపర్వంలో, నన్నయ చెప్పిన ఇంకో కథలో మాత్రం వస్తుంది. జనమేజయుడి తమ్ముళ్ళు సరమ పిల్లను ఏ తప్పూ లేకుండా కొడితే, ఆ తల్లి కుక్క నేరుగా రాజు దగ్గరికే వచ్చి నిలదీసింది.

బీపర్ ధ్వని వందల గజాల అవతల మనిషికి వినబడాలి. అది మోగేది కుక్క చెవికి జానెడు దూరంలో. మనిషి చెవి సుమారు 20,000 హెర్ట్జ్ దాకా వింటే కుక్క చెవి 45,000 దాకా వింటుంది. ఆ చెవి పక్కన, రోజంతా, కొన్ని సెకన్లకోసారి. కాబట్టి పట్టీ కొనేవాడు డేగ అరుపు ఉందా లేదా అని చూసే ముందు ధ్వని తగ్గించే వీలుందా, స్పీకరు చెవి వైపు కాకుండా వెనక్కి తిరిగి ఉందా, ఆగినప్పుడు మాత్రమే కూసేలా పెట్టవచ్చా అని చూడాలి. దుకాణంలోనే ఒకసారి తన చెవి దగ్గర పెట్టుకుని మోగించి చూస్తే ఇంకా మంచిది.