పని ఆగితే పూచీ కూడా ఆగుతుందా?

ఎల్లంతకుంట నుంచి సిరిసిల్ల ఎంతో దూరం లేదు. అక్కడి మరమగ్గాలు 2020 మార్చి చివర లాక్‌డౌన్‌తో ఆగిపోయాయి. మగ్గం కార్మికునికి నెల జీతం ఉండదు, నేసిన గుడ్డకే కూలి. మగ్గం ఆగిన రోజే కూలీ ఆగింది. ఇంటి కిరాయి, దుకాణంలో ఉద్దెర, తీసుకున్న బాకీ మాత్రం ఆగలేదు.

రోగాన్ని యజమానీ తేలేదు, కార్మికుడూ తేలేదు. ఎవరి తప్పూ లేని నష్టాన్ని మరి ఎవరు మోయాలి?

1872 నాటి కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్ ప్రకారం, ఒప్పుకున్న పని తర్వాత అసాధ్యమైతే ఆ ఒప్పందం చెల్లదు. అంటే ఇద్దరికీ విడుదలే. కానీ ఒకరి ఇంట్లో ఏడాది గ్రాసం ఉంటుంది, ఇంకొకరి ఇంట్లో రేపటికి గింజలుండవు.

2020 మే 13న కేంద్రం తన పనులు చేసే కాంట్రాక్టర్లకు ఆరు నెలల దాకా గడువు పెంచుతున్నట్టు ప్రకటించింది. లాక్‌డౌన్ కాలానికి కోత లేకుండా కూలి ఇవ్వాలన్న మార్చి 29 నాటి ఉత్తర్వు మే 18 నుంచి లేకుండా పోయింది. జూన్ 12న సుప్రీంకోర్టు, కూలి సంగతి యజమానులూ కార్మికులూ మాట్లాడుకోవాలన్నది. కాంట్రాక్టరుకు గడువు ఇవ్వడం తప్పని మేము అనం. ఆయన దగ్గర కాగితం ఉంది. కూలివాళ్లది నోటిమాట. మేస్త్రీ ఫోన్ ఎత్తకపోతే ఎవరితో మాట్లాడుకోవాలి?

ఆ ఏప్రిల్‌లోనే, ములుగు జిల్లా మిర్చి తోటల్లో పనికి వచ్చిన 12 ఏళ్ల ఆదివాసీ బాలిక ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాకు నడిచిపోతూ ఇల్లు చేరకముందే చనిపోయింది. కాంట్రాక్టరు తెచ్చిన వలస కార్మికుల రాకపోకల ఖర్చు కాంట్రాక్టరే ఇవ్వాలని 1979 నాటి చట్టం అప్పుడు అమల్లో ఉండేది. ఆ పూచీ ఆ దారిలో ఎక్కడా కనబడలేదు.

ఆసామి కూడా చిన్నవాడే కదా, అతనికీ రాబడి లేదు కదా అంటారు. నిజమే. అందుకే భారం పైకి పోవాలి: కార్మికుని నుంచి ఆసామికి, అక్కడి నుంచి యజమానికి, ఆర్డరు ఇచ్చినవారికి, చివరికి ప్రభుత్వానికి. మోయగల భుజం దొరికేదాకా పోవాలి.

బదులు పని మనకు తెలుసు. ఒక ఇంట్లో జ్వరమొస్తే వాళ్లు చేయాల్సిన దినం కొట్టివేయరు, మనిషినీ ఒత్తిడి చేయరు. లేచినంక చేస్తారు. పని ఆగినా ఒకరికొకరు ఉన్నారన్న పూచీ ఆగదు. చట్టానికి మన పెద్దలు చెప్పగల మాట ఇదే.

పనికి పోయే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, అడ్వాన్సు ఎంత అని మాత్రమే అడిగి ఊరుకోకండి. పని ఆగితే తిండి ఎవరు పెడతారు, ఇల్లు ఎవరు చేరుస్తారు, అడ్వాన్సు ఏమవుతుంది? ఈ మూడూ అడిగి కాగితం మీద రాయించుకోండి. సార్లూ, మేడమ్‌లూ, పిల్లలు బడి దాటకముందే వాళ్లతో ఒక ఒప్పంద కాగితం చదివించండి.